పట్టా ఎవరికి దక్కింది: కొలంబియా, బ్యూఫర్ట్, సెయింట్ హెలెనా, చార్ల్స్‌టన్ ట్రిప్ సంగతులు

సౌత్ కరోలినా అంటే పక్క రాష్ట్రంలోని షార్లట్ తెలుగువాళ్లకి మర్టిల్ బీచ్. కాస్త ఓపికుంటే చార్ల్స్‌టన్ వెళ్లి, గుర్రబ్బండెక్కి, రంగురంగుల ఇళ్ల ముందు ఫొటోలు దిగి వచ్చేస్తాం. ఆ రెండూ మేమూ చేశాం, తప్పేం లేదు. ఈసారి మాత్రం లాంగ్ వీకెండ్‌ని కాస్త సాగదీసి అదే రాష్ట్రంలో వేరే దారి పట్టాం. 1865లో అమెరికా ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం ముగిసింది. దాదాపు 40 లక్షల మందికి బానిసత్వం నుంచి విముక్తి వచ్చింది. విడిపోయిన దేశాన్ని మళ్లీ కలపాలి, నిన్నటిదాకా ఒకరి ఆస్తిగా ఉన్న మనుషుల్ని పౌరుల్ని చేయాలి. 1877 దాకా సాగిన ఆ ప్రయత్నాన్నే రీకన్‌స్ట్రక్షన్ అంటారు. అది మొదలైన చోట్లు, కూలిపోయిన చోట్లు ఈ ఒక్క రాష్ట్రంలోనే పక్కపక్కన ఉన్నాయి.

కార్లో నేను, మా ఆయన, మా అమ్మాయి, ఒంగోలు నుంచి వచ్చిన మావయ్యగారు. ఆయన డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యారు. ఏ ఊరెళ్లినా ముందు అక్కడి భూములు ఎవరి పేరున ఉన్నాయో కనుక్కోవాలి ఆయనకి. ఈ ట్రిప్‌లో నేను చదువుకుని వెళ్లిన వికీపీడియా కంటే ఆ అలవాటే ఎక్కువ పనికొచ్చింది.

మొదట కొలంబియా. షార్లట్ నుంచి గంటన్నర, దారిలో పూటలో చూసేయొచ్చు. స్టేట్ హౌస్ గోడల మీద కంచు నక్షత్రాలు బిగించి ఉంటాయి. 1865 ఫిబ్రవరిలో ఉత్తరాది జనరల్ షెర్మన్ సైన్యం పేల్చిన ఫిరంగి గుండ్లు తగిలిన చోట్లవి. పిల్లలకి వాటిని లెక్కపెట్టే పని అప్పజెప్పి పెద్దవాళ్లు ఆవరణలోని విగ్రహాలు చూడొచ్చు. ముందు లాన్‌లో బెన్ టిల్‌మన్ విగ్రహం ఉంది. 1876 జూలైలో హాంబర్గ్ అనే ఊళ్లో నల్లజాతి మిలీషియా వాళ్లని చంపిన గుంపులో తానూ ఉన్నానని బాహాటంగా గొప్పలు చెప్పుకున్న మనిషి ఈయన. ఆ తర్వాత గవర్నరయ్యాడు, సెనేటరయ్యాడు. 1940లో విగ్రహం కూడా పెట్టారు. అదే ఆవరణలో 2001లో పెట్టిన ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర స్మారకం ఉంది. దాన్ని మాత్రం తొందరపడకుండా చూడండి. రెంటికీ మధ్య నడక కొన్ని నిమిషాలే.

అక్కడికి దగ్గర్లోనే, తర్వాత అమెరికా అధ్యక్షుడైన వుడ్రో విల్సన్ కుటుంబం ఉన్న ఇల్లు ఉంది. ఆయన కుర్రవాడిగా ఇక్కడ ఉన్నాడు. మొత్తం ఇంటిని ఇప్పుడు రీకన్‌స్ట్రక్షన్ కాలం మ్యూజియంగా మార్చారు. గైడ్‌తో కలిసే తిరగాలి, టికెట్ ఉంది, చాలాసేపు నిలబడాలి. పెద్దవాళ్లని తీసుకెళ్తే ఇది గుర్తుంచుకోండి. పాత మంచాలు, కుర్చీలు చూపించి పంపేసే ఇల్లు కాదిది. 1868లో ఈ రాష్ట్ర రాజ్యాంగం రాసిన సభలో 124 మంది ప్రతినిధులుంటే 76 మంది నల్లజాతివాళ్లు. ఆస్తి ఉంటేనే పదవి అన్న నిబంధన తీసేసింది, అందరికీ ఉచిత బడులు అన్నది వాళ్లే. 1873లో ఇక్కడి యూనివర్సిటీ నల్లజాతి విద్యార్థుల్ని చేర్చుకుంది. 1877లో మూసేశారు, మళ్లీ తెరిచింది 1880లో, తెల్లవాళ్లకి మాత్రమే. ఇంత స్పష్టంగా చెప్పే చోటు ఇంకోటి తగల్లేదు నాకు.

మా అమ్మాయి షార్లట్‌లో పుట్టింది. అప్పటికి మేమిద్దరం హెచ్-1బి మీదే ఉన్నాం. ఈ నేల మీద పుట్టినవాళ్లు ఇక్కడి పౌరులే అన్న 14వ రాజ్యాంగ సవరణ 1868లో వచ్చింది. విముక్తి పొందినవాళ్లని ఎవరూ మళ్లీ పరాయివాళ్లని చేయకూడదని రాసుకున్న వాక్యం. ఓడిపోయిన దక్షిణాది రాష్ట్రాలు దానికి ఒప్పుకుంటేనే కాంగ్రెస్‌లో, అంటే అమెరికా పార్లమెంటులో, సీట్లు అన్నారు. 2025 జనవరిలో, తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లకి ఇకపై పుట్టే పిల్లలకి ఆ హక్కు ఉండదంటూ అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చినప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో ఎంత టెన్షన్ పడ్డారో గుర్తుండే ఉంటుంది. కోర్టుల్లో వాదన నడిచింది ఈ వాక్యం మీదే. మ్యూజియంలో ఆ సవరణ గురించి గైడ్ చెబుతుంటే మా ఆయన ఫోన్ జేబులో పెట్టేశారు. ఆయన ఫోన్ పక్కన పెట్టడం అంటే మామూలు విషయం కాదు.

అక్కణ్ణించి బ్యూఫర్ట్ రెండు గంటల పైన ప్రయాణం. ఈ ట్రిప్‌కి గుండెకాయ ఇదే. రాత్రుళ్లు ఉండాల్సింది ఇక్కడే, చార్ల్స్‌టన్‌లో కాదు.

బస సంగతి. ముందు పాత ఊళ్లో ఒక పాతకాలపు ఇంటిని హోటల్‌గా మార్చిన చోట దిగాం. వరండా, ఓక్ చెట్లు, పొద్దున్నే మంచి టిఫిను, అన్నీ బాగున్నాయి. కానీ కింది అంతస్తులో గది కావాలని బుకింగ్‌లో రాసినా మేడమీద ఇచ్చారు. లిఫ్ట్ లేదు. మావయ్యగారి మోకాళ్లకి ఆ మెట్లు శిక్షే. అడిగితే నవ్వుతూ సారీ చెప్పారు తప్ప గది మార్చలేదు. దాంతో ఊరి చివర ఒక గుజరాతీ కుటుంబం నడిపే మోటెల్‌కి మారాం. సగం కన్నా తక్కువ ధర, కారు తలుపు ముందే గది, ఫ్రిజ్, మైక్రోవేవ్. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, ఏసీ మాత్రం లారీలా మోత. జంటగా వెళ్తే మొదటిది, పెద్దవాళ్లతో వెళ్తే రెండోది.

ఊళ్లోని పాత ఫైర్ స్టేషన్‌లో రీకన్‌స్ట్రక్షన్ ఎరా నేషనల్ హిస్టారికల్ పార్క్ విజిటర్ సెంటర్ ఉంది. 2017 జనవరిలో ఒబామా దీన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు, 2019లో పార్క్ హోదా వచ్చింది. ప్రవేశం ఉచితం. చిన్న గది, ఒక చుట్టు తిరిగితే అయిపోతుంది. అసలు విలువ రేంజర్లది. మాకు దొరికిన రేంజరమ్మ ఎంత ఓపికగా చెప్పిందంటే, తర్వాత డబ్బులిచ్చి ఎక్కిన గుర్రబ్బండి టూర్ వెలవెలబోయింది. ఆ బండివాడికి ఏ ఇంట్లో ఏ సినిమా తీశారో కంఠతా వచ్చు, ఆ ఇళ్లు ఎవరు కట్టారో మాత్రం చెప్పలేదు. ఆ డబ్బుతో భోజనం చేయండి.

రేంజరమ్మ చెప్పిన కథ ఇది. 1861 నవంబర్ 7న ఉత్తరాది నౌకలు ఇక్కడి పోర్ట్ రాయల్ మీద దాడి చేశాయి. తెల్ల యజమానులు ఇళ్లూ పత్తి తోటలూ వదిలేసి పారిపోయారు. సుమారు 10 వేల మంది బానిసలు ఇక్కడే ఉండిపోయారు. అంటే యుద్ధం ఇంకా మూడేళ్లకి పైగా జరగాల్సి ఉండగానే ఇక్కడ యజమానులు లేని జీవితం మొదలైపోయింది. బడులు, కూలి డబ్బు, సైన్యంలో చేరడం, అన్నీ ఇక్కడే ముందు ప్రయత్నించి చూశారు.

మావయ్యగారు అంతా విని, "భూములు వీళ్ల పేరున రాశారా? అది అడగమ్మా" అన్నారు. అడిగాను. ఆమె ముఖం వెలిగిపోయింది. ఆ ప్రశ్నకి జవాబు రెండు రకాలట.

ఒకటి, పన్ను వేలం. 1862లో కాంగ్రెస్ తిరుగుబాటు ప్రాంతాల భూముల మీద పన్ను వేసింది. పారిపోయిన యజమానులు కట్టలేదు కాబట్టి భూములు ప్రభుత్వపరం అయ్యాయి, వేలానికి వచ్చాయి. ఉత్తరాది వ్యాపారులు చాలా కొన్నారు. అయినా విముక్తి పొందిన కుటుంబాలు కూడా డబ్బులు పోగేసుకుని కొన్ని తోటలు కొన్నాయి. కొంత భూమిని ప్రభుత్వం పది, ఇరవై ఎకరాల ముక్కలుగా తక్కువ ధరకి వాళ్లకే అమ్మింది. ఇది అమ్మకం, దస్తావేజు ఉంది.

రెండోది, అమెరికాలో అందరికీ తెలిసిన 40 ఎకరాల హామీ. 1865 జనవరి 16న షెర్మన్ ఇచ్చిన 15వ నంబర్ ఫీల్డ్ ఆర్డర్. చార్ల్స్‌టన్ నుంచి ఫ్లోరిడా దాకా తీరం వెంట ఒక్కో కుటుంబానికి 40 ఎకరాల లోపు కేటాయించమన్నాడు. సుమారు 40 వేల మంది దిగి సాగు మొదలుపెట్టారు. వాళ్లకి ఇచ్చింది స్వాధీనంలో ఉన్నట్టు తెలిపే కాగితం మాత్రమే. లింకన్ హత్య తర్వాత గద్దెనెక్కిన ఆండ్రూ జాన్సన్ పాత యజమానులకి క్షమాభిక్షలు పంచి, భూములు వెనక్కి ఇచ్చేయమన్నాడు. అక్టోబర్‌లో ఎడిస్టో ద్వీపంలో ఒక చర్చిలో జనాన్ని పోగుచేసి ఆ మాట చెప్పాల్సిన పని జనరల్ హోవర్డ్ మీద పడింది. ఆయన నల్లజాతివాళ్ల బాగు కోసం పెట్టిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరోకి అధిపతి.

మావయ్యగారు ఒక్క ముక్కలో తేల్చేశారు: "పొజిషన్ సర్టిఫికెట్ ఇచ్చారు, పట్టా ఇవ్వలేదు. ప్రభుత్వం మారింది, పోయింది." ముప్పై ఏళ్లు రెవెన్యూలో చేసిన మనిషికి ఇందులో కొత్తేమీ కనపడలేదు. ఆ తర్వాత మేం ఎక్కడికెళ్లినా ఇదే కళ్లతో చూశాం.

ప్రిన్స్ వీధిలో రాబర్ట్ స్మాల్స్ ఇల్లు చూడండి. లోపలికి వెళ్లడానికి లేదు, రోడ్డు మీంచి చూడటమే. 1839లో ఆ ఇంటి వెనక బానిసగా పుట్టాడు. 1862 మే 13 తెల్లవారుజామున చార్ల్స్‌టన్ హార్బర్‌లో కాన్ఫెడరేట్ (తిరుగుబాటు దక్షిణాది) నౌక ప్లాంటర్‌ని, కెప్టెన్ టోపీ పెట్టుకుని, కోటల ముందు సరైన సిగ్నల్స్ ఇస్తూ, కుటుంబంతో సహా నడిపించుకుపోయి ఉత్తరాది నౌకాదళానికి అప్పగించాడు. బహుమతి డబ్బు వచ్చింది. పన్ను వేలంలో తాను బానిసగా ఉన్న ఆ ఇంటినే కొన్నాడు. పాత యజమానుల వైపు నుంచి దావా పడితే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1878లో తీర్పు స్మాల్స్ వైపే. ఆ తీర్పుతో పన్ను వేలంలో కొన్న మిగతావాళ్ల దస్తావేజులకి కూడా బలం వచ్చింది. కేసు సంగతి విన్నాక మావయ్యగారు గేటు ముందు నిలబడి ఫొటో తీయించుకున్నారు. ట్రిప్ మొత్తంలో ఆయన అడిగి తీయించుకున్న ఫొటో అదొక్కటే.

స్మాల్స్ తర్వాత అమెరికా కాంగ్రెస్‌కి వెళ్లాడు. నల్లజాతివాళ్ల ఓటు తీసేయడానికి 1895లో టిల్‌మన్ వర్గం కొత్త రాజ్యాంగం రాయించినప్పుడు ఆ సభలో ఉన్న ఆరుగురు నల్లజాతి ప్రతినిధుల్లో ఈయన ఒకడు. ఎదురు నిలబడి మాట్లాడాడు, ఓడిపోయాడు. క్రేవన్ వీధిలో టాబర్నకల్ బాప్టిస్ట్ చర్చి ఆవరణలో సమాధి, కంచు విగ్రహం ఉన్నాయి. పక్కనే 2024లో పెట్టిన, తానే బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన హారియట్ టబ్మన్ స్మారకం. 1863 జూన్‌లో కాంబాహీ నది మీద సైనిక పడవలతో వెళ్లి 700 మందికి పైగా బానిసల్ని విడిపించిన దాడిలో ఆమె ఉంది. చార్ల్స్‌టన్ వైపు 17వ నంబర్ రోడ్డులో వెళ్తే ఆ నది మీద వంతెన ఆమె పేరుతోనే తగులుతుంది.

సెయింట్ హెలెనా ద్వీపానికి ఒక పూట చాలదు, రోజంతా పెట్టుకోండి. బ్యూఫర్ట్ నుంచి వంతెనలు దాటితే ఇరవై నిమిషాల్లోపే. పెద్ద ఓక్ చెట్ల కింద పెన్ సెంటర్. 1862లో లారా టౌన్, ఎలెన్ మర్రీ మొదలుపెట్టిన పెన్ స్కూల్ ఇదే. ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన లారా టౌన్ 1901లో చనిపోయేదాకా ఇక్కడే ఉండిపోయింది. షార్లట్ ఫోర్టెన్ అనే నల్లజాతి యువతి కూడా ఇక్కడ చదువు చెప్పింది. 1960ల్లో మార్టిన్ లూథర్ కింగ్ తన సహచరులతో ఇక్కడే సమావేశాలు పెట్టుకునేవాడు. దక్షిణాదిలో నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఒకే కప్పు కింద రాత్రి ఉండగలిగిన చోట్లు అప్పట్లో చాలా తక్కువ. లోపల మ్యూజియం చిన్నదే, టికెట్ పెద్ద భారం కాదు. ఈ తీరంలోని ఆఫ్రికన్ బానిసల వారసులైన గుల్లా ప్రజల పనిముట్లలో గడ్డితో అల్లిన పెద్ద చేట ఉంది, వడ్లు చెరిగేది. "ఇది మన చేటే" అని మావయ్యగారు గాల్లో చెరిగి చూపిస్తే, పక్కన నిలబడ్డ పెద్దావిడ కూడా చేతులు అలాగే ఆడించి నవ్వింది. పశ్చిమ ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల వరి సాగు నైపుణ్యం మీదే ఈ తీరంలోని వరి దొరలు ధనవంతులయ్యారు.

రోడ్డుకి అవతల బ్రిక్ బాప్టిస్ట్ చర్చి. 1855లో బానిసలు ఇటుక పేర్చి కట్టారు, కట్టినవాళ్లు మాత్రం పై గ్యాలరీలో కూర్చోవాలి. 1861లో యజమానులు పారిపోయాక కిందికి దిగి బెంచీల్లో కూర్చున్నారు. కొన్నాళ్లు బడి కూడా అందులోనే నడిచింది. ఇప్పటికీ ఆదివారం ప్రార్థనలు జరిగే చర్చి, కాబట్టి లోపల చూడాలంటే వేళ కనుక్కుని వెళ్లండి. ఇంకాస్త ముందుకెళ్తే చాపెల్ ఆఫ్ ఈజ్ అనే పాత ప్రార్థనామందిరం శిథిలం. ఆల్చిప్పలు కాల్చిన సున్నంలో ఇసుక, మళ్లీ ఆల్చిప్పలే కలిపి పోత పోసిన గోడలు. గోడ నుంచి చిప్పల అంచులు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, చేత్తో రాస్తే గీసుకుంటుంది. గుల్లసున్నం తెలిసిన మావయ్యగారు గోడ దగ్గర చాలాసేపు ఆగిపోయారు. సాయంత్రం పూట కంటికి కనపడని చిన్న దోమల్లాంటివి కుడతాయి, ఒంటికి రాసుకునే మందు మర్చిపోవద్దు.

వేలంలో కొన్న భూముల్లో చాలావరకు ఈ ద్వీపంలో ఇంకా గుల్లా కుటుంబాల చేతుల్లో ఉండటానికి కారణం ఆ దస్తావేజులే. గేటెడ్ కమ్యూనిటీలు, రిసార్టులు, గోల్ఫ్ కోర్సులు ఇక్కడ కట్టకూడదని కౌంటీ నిబంధన కూడా ఉంది. ఎంత అవసరమో తెలియాలంటే పక్కనున్న హిల్టన్ హెడ్ వెళ్లండి. 1956లో వంతెన పడింది, రిసార్టులు వచ్చాయి. ఇప్పుడు అక్కడ గేట్లు, గోల్ఫ్, కొన్ని గేటెడ్ కాలనీల పేర్లలో ఇంకా 'ప్లాంటేషన్' అనే మాట. గది ధరలు చూసి మేం వెనక్కి తిరిగొచ్చాం. బీచ్ కోసం అయితే వెళ్లొచ్చు. వెళ్తే మాత్రం మిచెల్‌విల్ ఫ్రీడమ్ పార్క్ వదలొద్దు. 1862లో విముక్తి పొందినవాళ్లు సొంతంగా పాలించుకున్న ఊరది. పిల్లలు 6 నుంచి 15 ఏళ్ల దాకా బడికి వెళ్లి తీరాలని చట్టం చేసుకున్నారు. ఇప్పుడు చూడటానికి పెద్దగా ఏమీ మిగల్లేదు, బోర్డులు చదువుకుంటూ నడవాలి. మా అమ్మాయికి బోర్ కొట్టింది.

తిండి. రెడ్ రైస్, బొబ్బర్లు కలిపి వండిన అన్నం, బెండకాయ పులుసు లాంటిది, రొయ్యలు. నాన్‌వెజ్ తినేవాళ్లకి పండగే, రొయ్యలు ఇంత తాజాగా షార్లట్‌లో దొరకవు. శాకాహారులు జాగ్రత్త. ఆకుకూరలోనూ, బొబ్బర్లలోనూ పంది మాంసం వేసి ఉడికిస్తారు. ప్రతిచోటా అడగాల్సిందే. మావయ్యగారికి మోటెల్ మైక్రోవేవ్‌లో అన్నం, ఇంటినుంచి తెచ్చిన గోంగూర పచ్చడి, పెరుగు.

పక్క రాష్ట్రం జార్జియాలోని సవానాలో ఒక్క ఇంటి కోసం ఆగాం. మాడిసన్ స్క్వేర్ పక్కన గ్రీన్-మెల్డ్రిమ్ హౌస్. 1865 జనవరి 12న ఇక్కడే షెర్మన్, యుద్ధ మంత్రి స్టాంటన్ 20 మంది నల్లజాతి చర్చి పెద్దల్ని పిలిచి మీకేం కావాలని అడిగారు. వాళ్ల తరఫున గారిసన్ ఫ్రేజియర్ చెప్పింది ఇంతే: మాకు భూమి కావాలి, మా కష్టంతో మేం సాగు చేసుకుంటాం. నాలుగు రోజులకే ఆ 40 ఎకరాల ఆర్డర్ వచ్చింది. స్క్వేర్‌లో బోర్డు చదివి, ఐస్‌క్రీమ్ తిని బయల్దేరాం. సవానాలో ఉండాలనుకుంటే అది వేరే ట్రిప్.

చార్ల్స్‌టన్‌లో ధరలు మండిపోతున్నాయి. నార్త్ చార్ల్స్‌టన్‌లో గది తీసుకుని పొద్దున్నే పార్కింగ్ గ్యారేజ్‌లో కారు పెట్టేస్తే హాయి. ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం 2023 జూన్‌లో తెరిచారు, బానిసల నౌకలు ఆగిన గాడ్స్‌డెన్స్ వార్ఫ్ మీదే. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో టైమ్ చూసుకుని కొనండి. కింద స్తంభాల మధ్య ఉన్న స్మారక తోటకి టికెట్ అక్కర్లేదు. తోటల్లో దొరల బంగళా చూడాలని మరీ ఉంటే, పెళ్లి ఫొటోలకి పేరుమోసిన పెద్ద ఎస్టేట్లు వదిలేసి జేమ్స్ ఐలండ్‌లోని మెక్‌లాయిడ్ ప్లాంటేషన్‌కి వెళ్లండి. కౌంటీ పార్కుల శాఖ నడుపుతుంది, కథ బానిసల గుడిసెల వైపు నుంచి చెబుతారు. యుద్ధం అయ్యాక ఆ బంగళాలోనే ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో ఆఫీసు నడిచింది. గుడిసెల్లో 1990 దాకా మనుషులు అద్దెకి ఉన్నారు. టూర్‌లో ఎండ బాగా తగులుతుంది, గొడుగు పట్టుకెళ్లండి.

కాల్హౌన్ వీధిలో ఇమాన్యుయేల్ ఏఎంఈ (ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్) చర్చి. 1822లో డెన్మార్క్ వీసీ అనే నల్లజాతి వ్యక్తి వేసిన బానిసల తిరుగుబాటు పథకం బయటపడ్డాక దీన్ని కూల్చేశారు. యుద్ధం ముగియగానే 1865లో మళ్లీ నిలబెట్టుకున్నారు. 2015 జూన్ 17న బైబిల్ తరగతిలో తొమ్మిది మందిని ఒక తెల్లజాతి ఉన్మాది కాల్చి చంపింది ఇక్కడే. ఆ తర్వాతే కొలంబియా స్టేట్ హౌస్ ముందు కాన్ఫెడరేట్ జెండా దింపారు. చనిపోయిన పాస్టర్ క్లెమెంటా పింక్నీ రాష్ట్ర సెనేటర్ కూడా.

ఆయన పేరు మీద 2016లో ఒక చట్టం వచ్చింది. అదేంటో చెబితే మావయ్యగారు కార్లో వెనక సీట్లోంచి ముందుకు వంగారు. గుల్లా కుటుంబాల తాతలు వీలునామాలు రాయలేదు, భూమి పంపకాలు లేకుండా వారసులందరి పేరునా ఉండిపోయింది. ఎక్కడో ఉన్న ఒక వారసుడి వాటా రియల్ ఎస్టేట్ వాళ్లు కొని, కోర్టుకెళ్లి మొత్తం వేలం వేయించేవాళ్లు. ఇప్పుడు ఆ వాటాని ముందు మిగతా కుటుంబం కొనుక్కునే అవకాశం ఇవ్వాలి, అమ్మాల్సివస్తే మార్కెట్ ధర కట్టాలి. "మరి ముందే పోయినవి?" అన్నారాయన. అవి తిరిగి రావు. "వీలునామా రాయించుకోమని ఊరూరా తిరిగి చెప్పేవాళ్లెవరూ లేరా?" అన్నారు. ఉన్నారు, చార్ల్స్‌టన్‌లో ఈ పని కోసమే సెంటర్ ఫర్ హెయిర్స్ ప్రాపర్టీ అనే సంస్థ నడుస్తోంది. అడ్రస్ చూడమన్నారు. ఆ రోజు ఆదివారం, మూసేసి ఉంటుందని నచ్చజెప్పి షార్లట్ రోడ్డెక్కాం.